చెమ్మ తగిలిన ట్రాన్సిస్టరూ, నా ఎడమచెవీ

ఈ మధ్య కలిసినవాళ్ళు "ఇప్పుడెలా ఉంది?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "నయమేగా" అని వాళ్ళే అనేస్తున్నారు. ఆ మాట సగమే నిజం. తలలో కణితి లేదని తేలింది. కుడిచెవి నిలిచింది. ఎడమచెవి పోయింది. అది పోవడంలో జబ్బు వంతు ఎంతో, నా వంతు ఎంతో విడదీసి చెప్పగల డాక్టరు లేడు. నా వంతు మాత్రం నాకు తెలుసు. అది చెప్పడానికే కూర్చున్నాను. ఇది చదివినవాళ్ళలో ఒక్కరైనా, ఒక చెవి ఉన్నట్టుండి మూతపడిన రోజునే ఆసుపత్రికి పరుగెత్తితే చాలు. మిగతాదంతా నా మనసు కుదుటపరచుకోవడానికి రాసుకున్నది.

మేముండేది కెనడాలో, ఒటావాకు పడమట, కనాటా అనే చోట. టెలికాం కంపెనీలో టెస్ట్ ఇంజనీరుని. ఒక తీగలో పోయే సిగ్నల్ పక్క తీగలోకి ఎంత కారుతోందో కొలవడం నా పని. దాన్ని క్రాస్‌టాక్ అంటారు. పాత ఫోన్లలో మనం మాట్లాడుతుంటే మధ్యలో ఇంకెవరి మాటలో సన్నగా వినిపించేవి కదా, అదే. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ కారుబాటును పట్టుకుంటూనే బతుకుతున్నాను.

నవంబరు

ఒక ఆదివారం పొద్దున నిద్ర లేచేసరికి ఎడమచెవిలో దూది కుక్కినట్లుంది. లోపలెక్కడో, కుక్కర్ విజిల్ వేసే ముందు బుసకొట్టినట్లు ఆగని చప్పుడు. అంతకు ముందు వారమే జలుబు చేసి తగ్గింది. ఆవలించాను. ముక్కు మూసుకుని గాలి బిగబట్టి ఊదాను. చెవి తెరుచుకోలేదు. మంచం దిగితే నేల కొంచెం పక్కకు ఒరిగింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. నా భార్య వాణి చూడనే చూసింది.

వాకిన్ క్లినిక్‌కి వెళ్దాం పదండి, అపాయింట్‌మెంట్ లేకుండానే చూస్తారు అంది. చెవి దిబ్బడ వేసిందని డాక్టరు దగ్గరికి వెళితే నవ్వుతారన్నాను. ఇక్కడ మనవాళ్ళకు ఒక అలవాటు పడిపోయింది. ఎమర్జెన్సీకి వెళితే పగలంతా కుర్చీలో కూర్చోబెట్టి చివరికి జ్వరం మాత్ర వేసుకోమని పంపిస్తారని ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకుంటాం. ఎముక విరిగితే తప్ప ఆ గుమ్మం ఎక్కం. పార్టీల్లో ఆ జోకులు అందరికన్నా ఎక్కువ వేసింది నేనే.

మర్నాడు ఆఫీసులో, అందరూ లంచ్‌కి వెళ్ళాక, నా చెవిని నేనే పరీక్షించుకున్నాను. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వాటికి సిగ్నల్ జనరేటర్ తగిలించి, ముందు కుడివైపుకు, తరువాత ఎడమవైపుకు ఒక్కొక్క స్వరం పంపుకున్నాను. కుడివైపు అతి సన్నని స్వరం కూడా వినిపించింది. ఎడమవైపు ఏమీ లేదు. స్థాయి పెంచాను. ఇంకా పెంచాను. చివరికి వినిపించింది. పలచగానే అయినా అన్ని స్వరాలూ వినిపించాయి. గ్రాఫ్ గీస్తే కుడిచెవి గీతకు చాలా కిందుగా, దాదాపు దాని వంపులతోనే మరో గీత వచ్చింది. దాన్ని చూడగానే నా ప్రాణం కుదుటపడింది. తీగ తెగలేదు, సిగ్నల్ చేరుతోంది, దారిలో ఏదో అడ్డం పడింది, అంతే. అడ్డమంటే జలుబో గుబిలో. అదే తొలగిపోతుంది.

ఒక్కటి మాత్రం వింతగా తోచింది. స్వరం ఎడమచెవి దగ్గర కాకుండా తల మధ్యలో ఎక్కడో మోగినట్లుంది. గమనించాను. గమనించి పక్కన పెట్టాను.

సాయంత్రం వాణికి ఆ గ్రాఫ్ చూపించాను. ఆమె గ్రాఫ్‌ని కాకుండా నా మొహాన్ని చూసింది.

"డాక్టర్ కూడా ఇదే చేస్తాడా?"

"ఇంతకన్నా మంచి మిషను ఆయన దగ్గర ఉండదు."

ఆమె నన్ను నమ్మింది. ఇప్పటికీ నన్ను కోసేది ఆ నమ్మకమే.

ఆవిరి పట్టాను, ముక్కులో మందు కొట్టుకున్నాను. చెవి అలాగే ఉంది. నేను చేసిందల్లా చెవిటితనాన్ని దాచడంలో ఆరితేరడం. భోజనాల బల్ల దగ్గర నా కుర్చీ మార్చుకున్నాను. మీటింగుల్లో ఎడమ చివర కూర్చునేవాణ్ణి, అందరూ కుడివైపు ఉండేలా. అయినా వినపడనప్పుడు తల ఊపేవాణ్ణి. ఎదుటి మనిషి మొహంలో ప్రశ్న కనిపిస్తే తల ఊపడం, నవ్వు కనిపిస్తే నవ్వడం. తల ఊపితే నూటికి తొంభైసార్లు ఏ నష్టమూ జరగదని కనిపెట్టాను. మనుషులు అడిగేవి చాలావరకు అవునంటే సరిపోయేవే.

డిసెంబరు

మా అమ్మాయి మేఘనకు పదహారు దాటాయి. డ్రైవింగ్ నేర్చుకుంటోంది. లైసెన్సు ఉన్న పెద్దవాళ్ళు పక్క సీట్లో ఉంటేనే నడపాలి. శని, ఆదివారాల్లో ఆ పని నాది. ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి ఆమె నా ఎడమ పక్కన ఉంటుంది. అంటే పోయిన చెవి వైపు.

ఆ శనివారం పొద్దుటి దాకా మంచు కురిసి ఆగింది. మా వీధి నుంచి పెద్ద రోడ్డు ఎక్కే చోట, పక్కకు నెట్టిన మంచు గుట్టలా పేరుకుని ఉంది. కుడివైపు నుంచి వచ్చే బళ్ళు డ్రైవర్‌కు కనిపించవు, నా సీట్లోంచి కొంచెం ముందుకు వంగితే కనిపిస్తాయి. మేఘన కారు ఆపింది. నేను ముందు అద్దం మీద వైపర్ వదిలిన మరకను చూస్తున్నాను. కంటి చివర ఆమె మొహం నా వైపు తిరిగి, ఏదో అడిగినట్లు అనిపించింది.

తల ఊపాను.

కారు కదిలింది. కిటికీ నిండా నారింజ రంగు. మంచు తోసే లారీ ముందు పలక అది. హారన్ నా తలంతా నిండింది, ఎటు నుంచో తెలియలేదు. లారీ డ్రైవర్ ఎలా ఆపాడో నాకిప్పటికీ అర్థం కాదు. జారుతూ వచ్చి, నా తలుపు పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగింది. పలక అంచు నుంచి మంచు పెళ్ళలు రాలి మా కారు అద్దం మీద పడ్డాయి.

మేఘన రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. నేను పూర్తిగా ఆమె వైపు తిరిగాకే మాట చెవిన పడింది.

"ఐ ఆస్క్‌డ్ యూ. నీ సైడ్ క్లియరా అని అడిగాను. యూ నాడెడ్, నాన్నా."

నేను మళ్ళీ తల ఊపబోయి ఆగాను.

"నీకు వినపడలేదు. డిడ్ యూ? అసలు వినపడలేదు నీకు."

లారీ డ్రైవర్ దిగి వచ్చి, తిడతాడనుకుంటే, అమ్మాయికి ఏమీ కాలేదు కదా అని అడిగాడు. కారును మెల్లగా పక్కకు తీయించి, వేడి కాఫీ ఏదైనా తాగించమని నాకు చెప్పి వెళ్ళాడు. మేఘన దిగి వెనక సీట్లో కూర్చుంది. ఇంటి దాకా నేను నడిపాను. అద్దంలో చూస్తే ఆమె కిటికీ వైపు తిరిగి ఉంది. ఇంట్లో అడుగు పెట్టగానే తల్లికి అంతా చెప్పేసింది.

వాణి అరవలేదు. కోటు వేసుకుని, నా కోటు నా చేతికిచ్చింది.

వాకిన్ క్లినిక్ డాక్టరు నా చెవిలోకి చూసి, ఎప్పటి నుంచి అని అడిగారు. చెప్పాను. ఆమె చేతిలోని లైటు ఆర్పి, వెంటనే ఫోన్ చేయడానికి లేచారు. చెవి దారి శుభ్రంగా ఉందట. గుబిలి లేదు, అడ్డం లేదు. రెండు రోజుల్లో చెవుల స్పెషలిస్టు దగ్గర చోటు దొరికింది. ఈ దేశంలో ఏ డాక్టరైనా అంత త్వరగా దొరికితే భయపడాలని ఆ రోజే తెలిసింది.

అక్కడ వినికిడి పరీక్ష చేసిన అమ్మాయి వయసులో చిన్నది. గాజు కిటికీ ఉన్న గదిలో కూర్చోబెట్టి, స్వరం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంది. మొదట నేను ఆఫీసులో చేసుకున్నట్లే చేసింది. ఎడమవైపు స్థాయి పెంచగానే వినపడింది, నొక్కాను. గెలిచినట్లనిపించింది. అప్పుడు ఆమె కుడిచెవిలోకి వర్షం లాంటి హోరు వదిలింది. మళ్ళీ ఎడమవైపు స్వరాలు పంపుతున్నట్లు ఆమె చేతులు కదులుతున్నాయి. నాకు వర్షం తప్ప ఏమీ లేదు. బటన్ మీద నా వేలు అలాగే ఉండిపోయింది.

బయటికి వచ్చాక కాగితం మీద తల బొమ్మ గీసి చూపించింది. ఎడమవైపు గట్టిగా శబ్దం పెడితే అది పుర్రె ఎముక గుండా అవతలికి పోతుంది, కుడిచెవి వింటుంది. అందుకే కుడిచెవిని హోరుతో కట్టేసి పరీక్షించాలి. నేను ఆఫీసులో విన్న స్వరాలన్నీ కుడిచెవి విన్నవే. రెండో గీత మొదటి గీత వంపులతోనే ఎందుకు వచ్చిందో అప్పుడర్థమైంది.

"క్రాస్‌టాక్," అన్నాను.

మీరేం పని చేస్తారని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వలేదు. కాసేపు ఆ కాగితాన్నే చూస్తూ, "నా చెవే అయితే నేనూ ఆశనే నమ్మేదాన్నేమో" అంది. అంత దయ నాకు తగదనిపించింది.

డాక్టరుగారు స్టెరాయిడ్ మాత్రలు రాశారు. ఇటువంటి చెవి దెబ్బకు మందు పని చేసే గడువు చాలా చిన్నదన్నారు. మొదటి రోజుల్లోనే వచ్చి ఉంటే, అని మొదలుపెట్టి వాక్యం పూర్తి చేయలేదు. మాత్రలతో కాకపోతే కర్ణభేరి గుండా ఇంజెక్షన్లు ఇస్తామన్నారు. కణితి లాంటిదేమైనా నరాన్ని నొక్కుతోందేమో చూడటానికి ఎమ్మారై కూడా తీయించాలన్నారు. దాని పిలుపు వచ్చేదాకా ఆగాలి.

తిరిగి వస్తూ కారు వాణి నడిపింది. ఆమె నా ఎడమవైపు. మాట్లాడుతోందో లేదో కూడా నాకు తెలియడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆమె వైపు తిరిగాను. అప్పుడు అంది, నేను చూస్తుండగా, ఒక్కొక్క మాటా నాకు చేరేలా.

"మీరు కొలిచానన్నారు. నేను నమ్మాను. మీ మిషను తప్పు చెప్పిందని కాదు నా బాధ. నాకు అనుమానంగా ఉన్నా నోరు మూయించారు."

జనవరి

మాత్రలు పని చేయలేదు. నిద్ర పోయింది, ఆకలి పెరిగింది, చిరాకు పెరిగింది. చెవి మాత్రం అలాగే ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అవి ఎలా ఉంటాయో రాయను. బల్ల మీద కదలకుండా పడుకున్నప్పుడు కనిపించే పైకప్పు పలకల్లో ఒక దాని మీద ఎవరో సముద్రం బొమ్మ అంటించారు. దాన్ని చూస్తూ పడుకునేవాణ్ణి.

ఇంట్లో నా భయమంతా ఇప్పుడు కుడిచెవి మీదకు వచ్చింది. ఒకటి కారణం లేకుండా పోయినప్పుడు రెండోది ఎందుకు పోదు? దిండు మీద కుడివైపు తిరిగితే ప్రపంచం మొత్తం ఆగిపోయేది, దిగ్గున లేచేవాణ్ణి. వాణి నాతో అవసరమైనంతే మాట్లాడుతున్న రోజులవి. అయినా రోజూ పొద్దున నేను కళ్ళు తెరవగానే, నా కుడిచెవి పక్కన బొటనవేలూ చూపుడువేలూ రాసేది. ఆ సన్నని రాపిడి వినపడిందని కళ్ళతో చెప్పేవాణ్ణి. ఒక్క మాట లేకుండా లేచి వెళ్ళిపోయేది. కోపం తగ్గకుండానే ఆ పని ఒక్క పొద్దు కూడా మానలేదు.

శకుంతలగారిని కలిసింది ఆ వెయిటింగ్ రూములోనే. గోడ పక్కన ఒక అద్దాల బీరువాలో పాత వినికిడి యంత్రాలు వరసగా పెట్టి ఉండేవి. నేను ఫోన్‌లో వాణితో మాట్లాడి పెట్టేసి, వాటి ముందు కూర్చుని చూస్తున్నాను. కొంతసేపటికి ఒక పెద్దావిడ, ఎనభై దాటి ఉంటాయి, చీర మీద లావుపాటి కోటుతో నా ఎదుట నుంచి నడిచి వచ్చి కుడి పక్క కుర్చీలో కూర్చున్నారు.

"అటు, నీ ఎడమపక్క కూర్చుని రెండుసార్లు పలకరించాను బాబూ. పలకలేదు. పొగరేమో అనుకుని, ఇది పొగరున్న మొహం కాదులే, చెవి పోయిన మొహం అనుకున్నాను."

ఎడమచెవి పోయినప్పటి నుంచి నాకు నవ్వు వచ్చింది అప్పుడే. ఆవిడది విశాఖపట్నం. చిన్నతనంలో జ్వరం వచ్చి రెండు చెవులూ చాలావరకు పోయాయట, ఇప్పుడు చెవి వెనక పెట్టుకునే యంత్రంతో వింటారు. కూతురు లలిత దగ్గర ఉంటున్నారు. లలిత పనికి పోతూ పొద్దున్నే దింపేస్తుంది కాబట్టి, తన వంతు వచ్చేదాకా ఈ గదిలో అందరి కథలూ వింటారట.

బీరువాలో ఒకదాన్ని వేలితో చూపించారు. సిగరెట్ పెట్టెంత రేకు డబ్బా, దాని నుంచి చెవికి ఒక తీగ. అచ్చం ఇలాంటిదే తన మొదటి మిషన్ అన్నారు. మేనమామ ఓడలో పని చేసేవాడట, పై దేశం నుంచి తెచ్చాడట. అప్పటికి అటువంటిది ఊళ్ళో ఎవరూ చూడలేదు. వాళ్ళ వీధిలో ఒక వకీలుగారికి మాత్రం పాత రకం ఉండేది. పాత రేడియోల్లోని గాజు బల్బుల్లాంటి వాల్వులతో నడిచేది, దాని బ్యాటరీలే ఒక సంచెడు. కోర్టుకు వెళితే గుమాస్తా ఆ సంచి మోసుకుని వెనక నడిచేవాడు. మేనమామ తెచ్చినదానికి వాల్వుల బదులు గింజంత ట్రాన్సిస్టర్లు, ఒకే ఒక చిన్న బ్యాటరీ. ట్రాన్సిస్టర్ అనే మాట ఆవిడ ఇంట్లో అడుగు పెట్టింది అప్పుడే, రేడియో కన్నా ముందు.

కాలేజీలో మాకు ట్రాన్సిస్టర్ పుట్టుక గురించి పాఠం చెప్పినప్పుడు, తరువాతి పేజీలో రేడియో ఉండేది. జనంలోకి అది మొదట చేరింది చెవిటివాళ్ళ గుండెల మీది జేబుల్లోకని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి చదవడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే నా సొంత రిపోర్టుల గురించి ఆలోచించకుండా ఉండటానికే. అయినా ఆ చరిత్ర నన్ను వదల్లేదు. తొలి ట్రాన్సిస్టర్లు ఇంకా చేతి పనితనం మీద నడిచే రోజులు. ఒక్కోటి ఒక్కోలా ఉండేది. బ్యాటరీల మోత తప్పుతుందంటే ఎదురుచూసే జనం ఉన్నారు కాబట్టి తయారీదారులు పోటీపడి వినికిడి యంత్రాల్లో పెట్టేశారు. ల్యాబు బెంచి మీద పరీక్షిస్తే అన్నీ పాసయ్యాయి. చొక్కా కింద, చెమట మీద, ఒంటి వేడిలో పెట్టేసరికి చెమ్మ లోపలికి పాకింది. మొదట హోరు పెరిగేది, తరువాత మూగబోయేవి. వారాలే ఆయుష్షు. కొందరు వెనక్కి వెళ్ళి వాల్వులే పెట్టారు. కొందరు వాల్వుల పక్కన ఒక్క ట్రాన్సిస్టర్ మాత్రం ఉంచారు. చెమ్మ చొరకుండా గట్టిగా మూసేయడం నేర్చాక గానీ అవి నిలవలేదు.

తరువాతి వారం శకుంతలగారికి ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"ఇంజనీరుగారికి ఇప్పుడు తెలిసిందన్నమాట. మా అమ్మకు అప్పుడే తెలుసు. సాయంత్రం కాగానే దాన్ని పాత గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టేది. బియ్యం చెమ్మ పీల్చుకుంటుందని. పొద్దున తీస్తే కాసేపు బాగా పలికేది."

విశాఖ సముద్రపు గాలి, జాకెట్టుకు లోపల కుట్టిన జేబు, ఆ జేబులో మిషన్. నడిస్తే మాటల కన్నా ముందు గుడ్డ రాపిడే చెవుల్లో గరగరమనేదట. అయినా మొదటి రోజు వంటింట్లో పోపు చిటపటలు విని ఏడ్చారట. ఎండాకాలం వచ్చేసరికి బియ్యం కూడా కాపాడలేకపోయింది. హోరు పెరిగి, ఒక రోజు పూర్తిగా ఆగిపోయింది.

"మరి ఏం చేశారు?"

"ఏం చేస్తాను. అదిగో ఆ అమ్మాయి పిలుస్తోంది, పోతున్నా" అని నవ్వుతూ లేచారు. పరీక్షల గదిలోంచి ఆ చిన్న వయసు అమ్మాయి చెయ్యి ఊపుతోంది.

ఫిబ్రవరి

ఎమ్మారై పిలుపు వచ్చింది. చలి ఎముకల్లోకి దిగే పొద్దు. మిషన్‌లోకి పంపే ముందు టెక్నీషియన్ వేడి చేసిన దుప్పటి తెచ్చి కప్పాడు. కుడిచెవిలో మూత పెడుతూ, ఇక నా మాట నీకు వినపడదు కదా, ఏదైనా చెప్పాలంటే నీ పాదం తడతాను అన్నాడు. ఎవరో నా కేసు చదివి, నా తరఫున ముందే ఆలోచించారు. లోపల ఆ గొట్టంలో కళ్ళు మూసుకుని, రెండు చెవులూ లేకుండా పడుకున్నాను. మిషన్ దడదడలు ఎముకల్లో మాత్రమే తెలుస్తున్నాయి. కణితి ఉంటే మేఘనకు ఎవరు చెబుతారు అని ఒక్కటే ఆలోచన. ఆమె నాతో మాట్లాడటం మానేసి అప్పటికి చాలా రోజులైంది. అడిగినదానికి 'యా', 'నో', 'ఫైన్'. డ్రైవింగ్ ఊసే లేదు. వాణి తీసుకెళ్తానన్నా వద్దంది.

రిపోర్టు కోసం ఎదురు చూస్తున్న వారంలో, చివరి ఇంజెక్షన్ రోజున, శకుంతలగారు మళ్ళీ కనిపించారు. అప్పటిదాకా కారు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకో ఆవిడకు చెప్పాను. తల ఊపడం, నారింజ పలక, వెనక సీటు, అన్నీ. ఆవిడ చెవి వెనక యంత్రం సర్దుకున్నారు.

"మిషన్ ఆగిపోయిందని నేను ఎవరికీ చెప్పలేదు బాబూ," అన్నారు.

మామయ్య అంత దూరం నుంచి తెచ్చాడు. వీధంతా చూడటానికి వచ్చింది. ఆగిపోయిందంటే మామయ్య మొహం చిన్నబోతుంది. అందుకని పొద్దున్నే బియ్యంలోంచి తీసి జేబులో పెట్టుకుని, తీగ చెవికి తగిలించుకుని, బళ్ళో, ఇంట్లో తల ఊపుతూ తిరిగారట. పెదాలు చూసి నెట్టుకొచ్చారట. అందరూ అమ్మాయికి ఇప్పుడు బాగా వినపడుతోందనుకున్నారు. ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ ఎవరిదో పెళ్ళికి వెళుతూ, జ్వరంతో ఉన్న నాయనమ్మను ఆవిడకు అప్పజెప్పింది. పిలిస్తే పలుకుతుందిలే, మిషన్ ఉందిగా అని.

"నేను ముందు గదిలో పుస్తకం చదువుకుంటున్నాను. లోపల నాయనమ్మ మంచినీళ్ళడిగింది. ఎంతసేపు అడిగిందో. చివరికి తనే లేచి, గుమ్మంలో పడింది. తుంటి విరిగింది. మరి నడవలేదు."

నా చూపు బీరువాలోని రేకు డబ్బా మీదకు పోయింది.

"మీ నాయనమ్మ మిమ్మల్ని ఏమన్నారు?"

"ఏమంటుంది. పిల్లకి చెవుడు, దాన్నేమనకండి అంది. తిట్టి ఉంటే బాగుండును." ఆవిడ నా కుడిచెయ్యి మీద తట్టారు. "మీ అమ్మాయి తిట్టిందా?"

"లేదండీ. మాట్లాడటమే లేదు."

"తిట్టించుకో. ఆలస్యం చేయకు. నాకు ఆ అదృష్టం లేదు."

మార్చి

రిపోర్టు వచ్చింది. కణితి లేదు. డాక్టరుగారు అది చెబుతున్నప్పుడు వాణి నా కుడివైపు కూర్చుని నా ముంజేతిని పట్టుకుంది. గోళ్ళు దిగాయి. తరువాత చివరి వినికిడి పరీక్ష చేశారు. కుడిచెవిలో వర్షం మొదలైంది. నేను కళ్ళు మూసుకుని, వర్షం అవతల ఏదైనా, ఎంత సన్నగానైనా ఉందేమోనని వెతికాను. బటన్ ఒక్కసారి కూడా నొక్కలేదు. నొక్కాలని వేలు ఎంత తహతహలాడిందో నాకు తెలుసు. నిజంగా వినపడితేనే నొక్కాను అనిపించుకోవాలని ఆపుకున్నాను.

ఇక రాదు అన్నారు. ఎడమవైపు శబ్దాన్ని పట్టి కుడిచెవికి చేరవేసే జత యంత్రాలు ఉన్నాయి, వేసవిలోపు అమరుస్తామన్నారు. ఇప్పటి వాటికి చెమట పట్టినా ఫరవాలేదట.

బయట పార్కింగ్‌లో వాణి కారు తలుపు తీయకుండా నిలబడి ఏడ్చింది. కణితి లేదని ఏడుస్తోందా, చెవి రాదని ఏడుస్తోందా అని అడగలేదు. నేను తప్పు చేశానని చెప్పాను. ఇంతకు ముందు చాలాసార్లు 'సారీ' అన్నాను గానీ, నిన్ను నోరు మూయించాను అని ఆమె మాటల్లోనే ఒప్పుకున్నది ఆ రోజే. "ఊఁ" అంది. మర్నాటి పొద్దున వేళ్ళు రాసి, వెంటనే లేచిపోకుండా కాసేపు అక్కడే కూర్చుంది.

ఆఫీసులో మా గ్రూపు అందరికీ చెప్పాను. ఎడమవైపు నుంచి పిలిస్తే పలకను, భుజం తట్టండి అని. చెప్పడానికి పట్టిన సమయం ఒక్క నిమిషం. దాన్ని అన్ని నెలలు దాచాను.

ఇక్కడే చెప్పాల్సింది చెప్పేస్తాను. ఒక చెవి హఠాత్తుగా మూతపడితే, జలుబు ఉన్నా లేకపోయినా, అదే రోజు డాక్టరుకు చూపించుకోండి. ఎమర్జెన్సీలో పగలంతా కూర్చోవలసి వస్తే కూర్చోండి. వెంటనే వెళితే నా చెవి దక్కేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ వెళ్ళలేదు అనే మాటతో బతకడం చెవుడుతో బతకడం కన్నా కష్టంగా ఉంది.

ఏప్రిల్

మంచు కరిగి, మా ఇంటి వెనక నడక దారి బయటపడింది. ఒక ఆదివారం మేఘనను నడకకు రమ్మన్నాను. రాదనుకున్నాను, వచ్చింది. బురద దాటుకుంటూ చాలా దూరం ఊరికే నడిచాం. ఎలా మొదలుపెట్టాలో నేను కూడబలుక్కుంటున్నాను. ఆమె నా ఎడమవైపు నడుస్తోంది. ఇంట్లో అందరికీ ఇప్పుడు కుడివైపు ఉండటం అలవాటైంది కాబట్టి, మరిచిపోయిందేమో అనుకున్నాను.

ఎందుకో పక్కకు చూశాను. ఆమె నేల చూస్తూ ఏదో చెబుతోంది. ఒక మాట రెండు మాటలు కాదు, చాలాసేపటి నుంచి చెబుతున్నట్లుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను ఆగిపోయాను. ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"నాకు వినపడలేదమ్మా. మళ్ళీ చెప్పు."

"ఐ నో. వినపడదనే అటు నుంచి చెప్పాను."

"అయినా చెప్పు."

"నో. యూ విల్ ఫీల్ బ్యాడ్."

"ఫీలవనీ. తిట్టాలంటే తిట్టు. నేను వింటాను."

ఆమె జాకెట్ జిప్పు పైకీ కిందకీ లాగుతూ నిలబడింది. పక్కనుంచి ఒకతను కుక్కను పట్టుకుని వెళ్ళాడు. అతను దూరమయ్యేదాకా ఆగి, నా మొహంలోకి చూసి చెప్పింది.

"ఐ యామ్ స్టిల్ సో మ్యాడ్ ఎట్ యూ. ఆ ట్రక్ నీ సైడ్ వచ్చింది. ఐ వుడ్ హావ్ కిల్డ్ యూ, నాన్నా. నువ్వు చనిపోయేవాడివి, కారు నడిపింది నేను. అందరూ ఇట్స్ నాట్ యువర్ ఫాల్ట్ అనేవాళ్ళు. బట్ ఐ వుడ్ బీ ద వన్ హూ డిడ్ ఇట్. ఫరెవర్."

నా భయమంతా ఇన్నాళ్ళూ నా చెవి గురించి, నా తలలోని కణితి గురించి. కారు ప్రమాదం గుర్తొచ్చినా, ఆమెకు ఏమయ్యేదో అన్నదే నా భయం. నేను చనిపోయి ఆమె మిగిలి ఉంటే, నా తల ఊపును మోస్తూ ఆమె బతకవలసి వచ్చేదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఆమె అన్ని నెలలూ మోస్తున్నది దాన్నే.

క్షమించమని అడగబోయి ఆగాను. అడిగితే ఆమె తల ఊపుతుంది, నాకు తెలుసు.

"ఇంకా ఉందా?" అన్నాను.

"చాలా ఉంది."

దారి పక్కన తడి బల్ల ఒకటి కనిపించింది. నా కోటు తీసి దాని మీద పరిచాను. ఇద్దరం కూర్చున్నాం. మేఘన మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.